మల్లమ్మ ముఖంలో ఎరుపు

తెమడ పూసిన స్లైడు మీద ఎర్రరంగు పోసి, కింద స్పిరిటు దీపం చూపగానే ఘాటైన ఆవిరి లేస్తుంది. జనగామ ల్యాబులో నాకు రోజూ అదే పని. ఆ వాసన తగిలితే ఈ పని నేర్పిన రహీం సాబ్ గుర్తొస్తారు. మహబూబాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో ల్యాబు ఆయన చేతిలో ఉండేది. కొత్తగా చేరిన నేను నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. చూసినవన్నీ ఇంటికి వెళ్లి డైరీలో రాసుకునేదాన్ని.

కురవి వైపు పల్లె నుంచి మల్లమ్మను ఆమె అత్త తీసుకొచ్చేది. ఆయాసం, పిల్లికూతలు, అప్పుడప్పుడు దగ్గులో నెత్తురు. టీబీ అని ఏడాదిగా మందులు మింగుతున్నా మనిషి చిక్కిపోతోంది. మూడుసార్లు తెమడ చూశాను, ఒక్క క్రిమీ కనబడలేదు. ఒకరోజు వరండాలో ఉన్నట్టుండి ఆమె ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి. ఊపిరి ఈల వేసింది. అత్త చేతులు జోడించింది.

"దీని మీదికి అమ్మ వచ్చింది బిడ్డా! ఇప్పుడే అమ్మ పేరు మీద కల్లు నేలకు సాకవోసి, దీనికి రెండు గుక్కలు తాపిన. తాపినప్పుడల్లా గిట్లనే వస్తది."

ఆ రాత్రి అదంతా డైరీలో రాసుకొని, మర్నాడు ఆ పేజీని రహీం సాబ్‌కు చూపించాను.

"ఏంది బిడ్డా, నవల రాస్తున్నవా?" అని నవ్వుతూ మొదలుపెట్టారు. చదువుతుంటే నవ్వు ఆగిపోయింది. "గిది పోయి డాక్టర్ సాబ్‌కు చెప్పు."

"మీరే చెప్పుండ్రి సార్. నాకు భయమైతది."

"చూసింది నువ్వు. నేను చెప్తే సగం నా మాటైతది. జర ధైర్యం చెయ్యి."

డాక్టర్ గదిలోకి వెళ్లి, డైరీ చూసుకుంటూ చెప్పాను. డాక్టర్ మళ్లీ ఎక్స్‌రే తీయించి, మల్లమ్మను హైదరాబాదుకు పంపారు. అక్కడ శ్వాసనాళంలో గుండ్రటి గడ్డ కనబడింది. ఊపిరితిత్తిలో ఆ భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేశారు. కొన్ని వారాలకు ఆ గడ్డ స్లైడు మా దగ్గరికి వచ్చింది. రహీం సాబ్ మైక్రోస్కోపును ముందు నా వైపే జరిపారు. ఒకే తీరు చిన్న కణాలు, గుంపులు గుంపులుగా, నడుమ సన్నని రక్తనాళాలు. కార్సినాయిడ్ అట. అరుదైనది, నెమ్మదిగా పెరిగేది. హార్మోన్ల వంటివాటిని నెత్తురులోకి వదులుతుంది. ముఖం కందేది అందుకే. కల్లు దాన్ని రేపేది.

మూడు నెలలకు మల్లమ్మ ఆగకుండా మెట్లెక్కి వచ్చింది.

"అమ్మ మళ్ల రాలేదు బిడ్డా," అంది అత్త దిగులుగా.

"రాకుంటే మానె అత్తా," అంది మల్లమ్మ, "నాకు ఊపిరొచ్చింది."

రహీం సాబ్ అంత గట్టిగా నవ్వడం అప్పుడే చూశాను.

ఇప్పటికీ డాక్టర్ గది గుమ్మం దగ్గర నా అరచేతులకు చెమట పడుతుంది. కొంగుకు తుడుచుకొని లోపలికి వెళ్తాను.