లూర్దమ్మ బడికి ఎందుకు రావడం లేదు?

మా చిన్నప్పుడు... కొత్తవలస దగ్గర మా ఊరి చర్చి బడిలో మొదటి గంట జ్ఞానోపదేశం. ప్రశ్న, జవాబు... ప్రశ్న, జవాబు... బట్టీ పట్టి గడగడా అప్పజెప్పడమే. అరవైల చివర్లో మాట. నేను మూడో తరగతి.

ఒకరోజు సిస్టర్ గారు పుస్తకం మూసేసి, నల్లబల్ల మీద ఒకే ప్రశ్న రాశారు. "లూర్దమ్మ బడికి ఎందుకు రావడం లేదు?"

లూర్దమ్మ నా పక్కన కూర్చునే పిల్ల. నాలుగు రోజులుగా జాడ లేదు.

"జొరమేమోనండి..." "బద్దకమండి..." తలా ఒకటి అన్నారు. నేను మాత్రం తల వంచుకుని పలక తుడుస్తూ కూర్చున్నాను.

"మీకు తెలుసా, అనుకుంటున్నారా?" అన్నారు సిస్టర్. "వెళ్ళి కనుక్కోండి. ఏం చెయ్యాలో కూడా మీరే ఆలోచించి చెప్పండి."

సాయంత్రం నలుగురం వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"ఏటి సెప్పనమ్మా... సేతులకి గజ్జొచ్చినాది. పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుని ఎనక బల్లకి ఎల్లిపోనాదట. ఆ పిల్లెవులో సెప్పదు. బడికెల్లనని ఒకటే ఏడుపు."

లూర్దమ్మ తలుపు చాటు నుంచి నా వైపు చూసింది.

మర్నాడు క్లాసులో విన్నదంతా చెప్పాం. "ఎవరా పిల్ల?" అని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లేచి నిలబడ్డాను. "నేనేనండి..."

సిస్టర్ తిట్టలేదు. "ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. నన్ను కాదు, అందర్నీ.

ఒకమ్మాయి మేనమామ కంపౌండరు. వెళ్ళి అడిగితే గంధకం మలాం ఇచ్చి, ఒంటి మీది బట్టలు రోజూ ఉడకబెట్టి ఎండలో ఆరెయ్యమన్నాడు. లూర్దమ్మకి ఉన్నది ఒకటే గౌను... అది ఆరేదాకా ఏం వేసుకుంటుంది? మళ్ళీ ఆలోచనలో పడ్డాం.

ఇంటికెళ్ళి నా నీలం గౌను అడిగాను.

"సిస్టరు ఇమ్మన్నారేటే?" అంది అమ్మ.

"నేదమ్మా... నేనే ఇస్తానన్నాను."

అమ్మ గౌను మడత పెట్టి చేతికిచ్చింది.

రెండు వారాలకి లూర్దమ్మ వచ్చింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీకు బయం నేదేటే?" అంది మెల్లగా.

"కూసింత ఉన్నాది," అన్నాను. ఫక్కున నవ్వి, నాకింకొంచెం చోటిచ్చింది.

ఇప్పుడు మా మనవరాలి బడిలో ఎవరి కుర్చీ వాళ్ళదే. పక్క పిల్ల రాకపోతే మా మనవరాలు ఫోనులో హోంవర్క్ పంపిస్తుంది... ఆ పిల్ల ఇల్లెక్కడో తెలియదు.

మీరూ ఎవరినైనా అలా వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళారా? ఆ పేరొక్కటి కింద రాయండి... చదవాలనుంది.