దేవర పెట్టె, కారు గొంతు

మాఘమాసం, రెండో శుక్రవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. మా అబ్బాయి మురళి కొత్త కారులో ఒక గుండ్రటి మర మీద నేను చెయ్యి వేసింది అప్పుడే. ఉసిరికాయకంటే పెద్దది కాదు. రెండు గంటలు తిరిగేలోపల మా కులదేవత వెళ్ళవలసిన ఇంటికి కాక ఇంకో ఇంటికి వెళ్ళింది. ఒడుగత్తూరు దారిలో ముక్కూమొహం తెలియని ఒక పెద్దమనిషి చెప్పులు వదిలేసి పరుగు తీశాడు. ఒక్క మరతో ఇంత పని చేయడం అందరికీ చేతకాదు. చేతనైనదాన్ని కనుక చెబుతున్నాను.

ముందు ఆ దేవర సంగతి. మా అత్తగారికి ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళం. పెద్దామె రుక్కక్క, నడిమిదాన్ని నేను, చిన్నది మునెమ్మ. వాళ్ళిద్దరూ గుడియాత్తంలో ఒకే సాలెవీధిలో ఎదురెదురు ఇళ్ళలో ఉంటారు. మేము వేలూరులో ఉంటాం. కులదేవత ఇత్తడి ముఖం, పసుపు చీర ఉన్న చెక్కపెట్టె మూడేళ్ళకొకసారి ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారాలి. మారేటప్పుడు ఒకటే నియమం. పెట్టె గడప దాటిన దగ్గరనుంచి కొత్త ఇంటి పీట మీద దిగేవరకు, వెంట ఉన్నవాళ్ళూ ఎదురుకోలుకు వచ్చిన బంధువులూ నోరు విప్పకూడదు. ఒక్క మాట జారినా పెట్టె వెనక్కి. మళ్ళీ వచ్చే మాఘందాకా కదలదు.

ఆ ఏడు పెట్టె మా ఇంటినుంచి రుక్కక్క ఇంటికి పోవాలి. ఫాల్గుణంలో ఆమె మనవరాలు గౌరి పెళ్ళి. గుడియాత్తం గడప మీద దేవర దిగి పొంగలి తినకుండా మా వంశంలో అక్కడ తాళి కట్టరు. ఒకసారి నిశ్చయం తప్పిన పిల్ల. ఇప్పుడు మగపెళ్ళివారు, ఇంకో ఏడాది ఆగేది లేదని ముందే చెప్పేశారు. కాబట్టి ఆ రోజు మా నాలుకల మీద ఉన్నది మౌనం కాదు, గౌరి పెళ్ళి.

అందుకే ఆ ఉదయం ఏర్పాట్లన్నీ నేనే చూశాను. ఫోన్లు నేనే ఆపించాను. మురళి కారు ముందు తెర చూపిస్తూ అన్నాడు.

"అమ్మా, ఇది దారి చెప్తాది. నీకోసరమని తెలుగు పెట్టినా."

"మాట్లాడతాదా? ఈ పొద్దు మాట్లాడే వాళ్ళెవరూ బండిలో ఉండకూడదు నాయనా. ఆపెయ్యి."

"పళ్ళికొండ దగ్గిర వంతెన పని జరుగుతా ఉండాది. దారి యాడ తిప్పినారో నాకు తెలీదు. నోరు మూసుకోని పోయేటప్పుడు ఎవరినడగేది? గొంతు తగ్గించుకుంటే చాలు. ఈ మర తిప్పల్ల. కానీ చూడు, అది మాట్లాడతా ఉండేటప్పుడు తిప్పితేనే దాని గొంతు తగ్గేది. ఊరికే ఉండేటప్పుడు తిప్పితే..."

అప్పుడు నేను పళ్ళెంలో తమలపాకులు లెక్కపెడుతున్నాను. సరి సంఖ్య వస్తోంది, బేసి కావాలి. "తెలుసులేప్పా. నువ్వు పుట్టకముందునుంచి రేడియో తిప్పతా ఉండా" అన్నాను.

వినని చెవికి వెయ్యి మాటలు చెప్పినా ఒకటే, తమలపాకు లెక్కపెట్టే చెవికి ఒక్క మాటా ఎక్కదు.

పెట్టె గడప దాటింది. పెట్టెను తీసుకుపోవడానికి ముందురోజే మా ఇంటికి వచ్చిన రుక్కక్క, వెనక సీటులో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు కొంచెం చెవుడు. నేను ముందు సీటులో, మౌనానికి అధికారిణిలా. బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే, వీధి దీపాలు నీళ్ళలో వేసిన పసుపు ముద్దల్లా ఉన్నాయి. కారు కదిలింది. ఎవరి ఊపిరి వాళ్ళకు వినిపిస్తోంది.

"మూడు వందల మీటర్ల తరువాత ఎడమవైపునకు తిరగండి."

ఆడగొంతు. పెద్దగా ఏమీ లేదు, పక్కింట్లో ఎవరో మాట్లాడినట్టు. కానీ అది మేము మాట్లాడే తెలుగు కాదు. మా వైపు ఏ ఆడదీ "ఎడమవైపునకు" అనదు. అచ్చుపుస్తకం నోరు తెరిచినట్టుంది. వెంటనే మర పట్టుకుని ఎడమకు తిప్పాను. అప్పటికి ఆమె మాట ముగిసింది. సరే, తగ్గింది అనుకున్నాను.

కొంచెంసేపటికి మళ్ళీ అదే గొంతు, అంతే గొంతు. ఆమె ఆగాక ఇంకా తిప్పాను. తేడా లేదు. మర తిరగేసి బిగించారేమో, మా పాత కొళాయి అలాగే ఉండేది, అనుకుని కుడికి తిప్పాను. ఆమె అలాగే మాట్లాడింది. నేను ప్రతిసారీ మర్యాదగా ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి తిప్పుతున్నాను చూడండి. పెద్దవాళ్ళ మాటకు అడ్డం పోకూడదని మా అమ్మ నేర్పిన అలవాటు. ఆ పెంపకమే కొంప ముంచింది.

మురళి చూసి చూసి, ఒక చేయి ఎత్తి తన నోరు చూపించాడు, వేళ్ళు ఆడించాడు, తరువాత మర చూపించాడు. మాట్లాడేటప్పుడు తిప్పు అని వాడి బాధ. నోరు మూసుకో అంటున్నాడని నేను అర్థం చేసుకున్నాను. నాకు చెప్పాలా అన్నట్టు గంభీరంగా తల ఊపాను. వాడు తనే తిప్పబోయాడు. మంచులో రోడ్డు చూడకుండా ఏమిటీ వేషాలని ఆ చేతి మీద ఒకటి వేశాను.

పళ్ళికొండ వచ్చింది. వంతెన పనికోసం పెట్టిన ఎర్రదీపాలు మంచులో కళ్ళలా ఉన్నాయి. ఇక లాభం లేదని నేను మరను గట్టిగా పట్టుకుని కుడికి తిప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఆమె నోరు తెరిచింది.

"నాలుగు వందల మీటర్ల తరువాత కుడివైపునకు తిరిగి గుడియాత్తం రహదారిలోకి ప్రవేశించండి."

"నాలుగు వందల" అన్నది గుసగుస. "కుడివైపునకు" దగ్గరికి వచ్చేసరికి గుడిగంట. "ప్రవేశించండి" అన్నప్పుడు కారు అద్దాలు వణికాయి. నాలుగు తలుపుల్లోంచీ ఆమె ఒకేసారి గర్జించింది. మురళి అదిరిపడి చక్రం ఎడమకు తిప్పేశాడు. నేను ప్రాణం పెట్టి మరను ఎడమకు తిప్పాను. కానీ ఆమె అప్పటికే ఆగిపోయింది. అంటే, ఉరిమే గొంతు ఉరిమే దగ్గరే ఉండిపోయింది.

కారు ఒడుగత్తూరు దారిలో పోతోంది. ఎదురుగా జవ్వాది కొండలు ఉండాలి, మంచు తప్ప ఏమీ లేదు.

"వెనక్కి తిరగండి."

రుక్కక్కకు ఆ గొంతులో మాట మొట్టమొదటిసారి తెలిసింది అప్పుడు. అంతకుముందు ఆమె చెవికి ఆనింది ఆ గర్జన ఒక్కటే, అందులో మాట కాదు. నేను అద్దంలో చూశాను. ఆమె ముఖం పెట్టె మీది పసుపు గుడ్డలాగే అయిపోయింది. నెమ్మదిగా తల వంచి పెట్టె వైపు చూసింది.

"వీలైనప్పుడు వెనక్కి తిరగండి."

అయ్యో, ఆమెకు ఏమని తోచిందో నాకు అప్పుడు అర్థమైంది. తన ఇంటికి బయలుదేరిన దేవర, వెనక్కి తిరగమంటోంది. నీ గడప నాకొద్దు అంటోంది. గౌరి పెళ్ళి వద్దు అంటోంది. రుక్కక్క కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు బిగపట్టే ఉన్నాయి. అక్కా అది కారు, అని ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటతోనే పెళ్ళి పోతుంది. నేను తెర చూపించాను, మర చూపించాను, చక్రం తిప్పుతున్నట్టు చేతులు తిప్పాను. నాకు పూనకం వచ్చిందనుకుని ఆమె నాకు కూడా దండం పెట్టింది.

మురళి బండి తిప్పడానికి ఓరగా ఆపాడు. మంచులోంచి భుజాన టవలు వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి అద్దంలోకి వంగాడు.

"ఎంగ, యాడికి పోవల్లప్పా? దారి తప్పిపోతిరా?"

మేము ముగ్గురం ఆయన వైపు చూశాం. ఎవరి పెదవీ కదలలేదు. ఒకామె ఒళ్ళో పసుపు గుడ్డ కట్టిన పెట్టె, ఆమె కళ్ళలో ధారలు. ఇంకొకామె చెయ్యి గాలిలో.

"ఏమప్పా, ముగ్గురూ మూగోళ్ళా?"

"వెనక్కి తిరగండి" అంది కారు.

ఆయన తిరిగాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి.

సరైన దారి పట్టాక కారు "నేరుగా వెళ్ళండి" అని ఉరిమినప్పుడు రుక్కక్క ముఖం విచ్చుకుంది. దేవర కరుణించింది. పాలారు వంతెన మీద, కింద నీళ్ళు లేని ఇసుక మీద మంచు పారుతుంటే, రుక్కక్క ప్రతి ఉరుముకీ పెట్టెకు చేతులు జోడిస్తూ వచ్చింది. నేను ప్రతి ఉరుము తరువాతా మర తిప్పుతూ వచ్చాను. ఇద్దరిదీ భక్తే, ఫలితం ఆమెకే దక్కింది.

సాలెవీధి చేరాం. రుక్కక్క ఇల్లు కుడివైపు. ముగ్గు, మామిడాకులు, హారతి పళ్ళెంతో గౌరి. వీధి నిండా బంధువులు, ఒక్కరూ ఉలకరు పలకరు. ఎడమవైపు మునెమ్మ ఇల్లు. అక్కడ ముగ్గూ లేదు, నవ్వూ లేదు. నేతకోసం గంజి పెట్టి వీధిలో సాచిన మునెమ్మ పడుగు నూలును రుక్కక్క దూడ తొక్కి తెంపినప్పటినుంచి ఆ రెండు ఇళ్ళకూ మాటలు లేవు. పీట లేదు, పిలుపు లేదు. మునెమ్మ మాత్రం గడపలో నిలబడి మెటికలు విరుస్తోంది.

మురళి బండి ఆపాడు. నేను తలుపు తెరిచాను. బంధువులు మిగతా మూడూ తెరిచారు. ఆ నిశ్శబ్దంలో, ఆ మంచులో, వీధి చివరిదాకా వినిపించేటట్టు దేవర పలికింది.

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు. మీ గమ్యస్థానం ఎడమవైపున ఉంది."

సగం వీధి సాష్టాంగపడింది. మిగతా సగానికి వంగడానికి చోటు లేదు. మురళి నోరు తెరిచాడు. నేను వాడి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఒక్క మాట, గౌరి పెళ్ళి.

రుక్కక్క కుడివైపు చూసింది, తన మామిడాకుల వైపు. ఎడమవైపు చూసింది. తరువాత పెట్టె నెత్తిన పెట్టుకుని ఎడమకు నడిచింది. మునెమ్మ మొదట వెనక్కి చూసుకుంది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. గబగబా కొంగు దోపి, చెంబుడు నీళ్ళు తెచ్చి రుక్కక్క కాళ్ళు కడిగింది. తొందరలో సగం నీళ్ళు తన చీర మీదే పోసుకుంది. పీట దొరకలేదు. మగ్గం ముందు కూర్చునే పలకను బోర్లించింది. పెట్టె దిగింది. మౌనం తీరింది.

దూడ తొక్కిన రోజునుంచి ఎదురింటి గాలి పీల్చని ఇద్దరు తోడికోడళ్ళు. వీధంతా చెవులు రిక్కించింది. మునెమ్మ మొదటి మాట అన్నది.

"దోసె మాడిపోతా ఉండాది."

"వాసన గేటు కాడికే వచ్చిందిలే" అంది రుక్కక్క.

"వచ్చి నిలబడితే వస్తాది. ఇన్నేండ్లుగా నిలబడితే కదా."

"నా దూడని ఆ తిట్లు తిట్టకపోయుంటే నిలబడుంటా."

"దూడ చచ్చి ఎన్నేండ్లాయె. రెండు తూర్లు నా వంతు ఎగరగొట్టి మీరిద్దరే పెట్టెను ఆడా ఈడా తిప్పుకొంటిరి. దేవరకి లెక్క తెలీదనుకొంటిరా?"

వంతుల లెక్క పెట్టేది నేనే. ఆ ప్రశ్నకు నేను దోసె తిప్పడానికి వంటింట్లోకి పోయాను.

తిరిగి వచ్చాక నిజం చెప్పాను. "అక్కా, అది దేవర కాదు. కారు మాట్లాడింది."

రుక్కక్క నన్ను జాలిగా చూసింది. "ఏం సరోజా, కారుకి తెలుగు యాడ వస్తాది? నా మనవళ్ళకే సరిగ్గా రాదు, కారుకొస్తాదా?"

"దారి చెప్పే మిషనక్కా. నేను మర తప్పు తిప్పినా, గొంతు పెరిగిపోయె."

"గొంతు నువ్వు పెంచితివి. ఎడమ అని ఎవరు చెప్పింది?" అంది మునెమ్మ.

దానికి మురళి సమాధానం ఉంది. రుక్కక్క ఇంటికి బదులు ఎదురింటి మీద గుర్తు పడి ఉంటుంది అన్నాడు. తెర తీసి చూశాడు. గుర్తు రుక్కక్క ఇంటి మీదే ఉంది, సరిగ్గా మామిడాకుల మీద. వాడు తెర ఆపేశాడు.

గౌరి పెళ్ళి ఫాల్గుణంలోనే జరిగింది. పొంగలి మునెమ్మ ఇంట్లో పొంగింది, తాళి రుక్కక్క ఇంట్లో కట్టారు. మధ్యలో వీధి దాటుతూ తోడికోడళ్ళిద్దరూ పోట్లాడుతూనే ఉన్నారు. పగ పోలేదు, మౌనం పోయింది.

ఆ తరువాత నేను నాలుగుసార్లు అదే కారులో, అదే దారిలో, ఒడుగత్తూరు వైపు మళ్ళి మరీ ఆ వీధికి వెళ్ళాను. పరీక్షించకుండా ఊరుకునే మనిషిని కాను. నాలుగుసార్లూ ఆమె బుద్ధిగా, పక్కింటి గొంతుతో, "కుడివైపున ఉంది" అనే చెప్పింది.

కనుక చదివేవారి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. మాట ఉండగానే మర తిప్పుకుంటాను. ఎవరైనా మరను గురించి చెబుతుంటే తమలపాకులు కింద పెట్టి వింటాను. దేవర పెట్టె ఉన్న బండిలో ఏ మరనూ ముట్టను, ముట్టవలసి వస్తే రెండు చేతులూ జోడించి ముట్టుకుంటాను.

ఆ రోజు పోయినవి. రుక్కక్క వంతు, ఒకటి. మాడిన దోసె, ఒకటి. ఒడుగత్తూరు దారిలో చెప్పులు, ఒక జత, ఎవరివో తెలియదు. ఆ గొంతు మిషనుదే అని ఒట్టేసి చెప్పగలిగిన మనిషి మా వంశంలో ఒకరు ఉండేవారు. ఆ మనిషిని నేనే, ఆ ఒట్టు కూడా పోయింది.