“స” అంటే సన్నగా

మా వయొలిన్ మాస్టారు పోయారని వాళ్ళమ్మాయి బందరు నుంచి ఫోన్ చేసినప్పుడు, నేను గుడివాడలో మా డీటీపీ షాపులో ఎవరిదో శుభలేఖ దిద్దుతున్నాను. “నాన్నగారు పొద్దున్నే వెళ్ళిపోయారక్కా” అంది. శుభలేఖ పూర్తిచేసి అప్పుడు ఏడ్చాను. ఎత్తిన కమాను దింపేదాకా ఏడుపు పనికిరాదని చిన్నప్పుడే నేర్పారాయన.

బందరులో పదేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాను. ముందు సరళీస్వరాలు, తర్వాత పాశ్చాత్య సంగీతం. ఆ అయిదు గీతల రాత ఆయనకి కుర్రతనంలో చర్చిలో పాటలు నేర్పే ఒక పెద్దాయన దగ్గర అబ్బిందట. ఆ గీతల పుస్తకాలు బజారులో దొరక్క, అయిదు బాల్‌పెన్ రీఫిళ్ళు వరసగా పేర్చి దారంతో కట్టి, స్కేలు వారన ఒక్క లాగు లాగేవారు. ఒక రీఫిల్ అయిపోతే నాలుగే పడేవి. “అయిదోది ఊహించుకో అమ్మాయ్” అనేవారు. నేను విరామాలు మింగేసి పరిగెడితే, “వాయించేది వేళ్ళు, ఆగేది బుద్ధి” అని ఆపేవారు.

స్కూల్లో సంగీతం మాస్టారుగా రిటైరయ్యాక ఆయనొక చిన్న కన్చెర్టో రాశారు. ఒక వయొలిన్ ముందు నడుస్తుంటే, వాద్యబృందమంతా దానికి బదులు చెబుతూ సాగే రచన అది. మూడు భాగాలు కలిపి పన్నెండు నిమిషాలు. రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. తీరా వాయించడానికి బందరులో అంతమంది ఏరీ? పైగా ఆయనకి చెవులు మందగిస్తున్నాయి. ఒకరోజు అది రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కు సంచిలో పెట్టుకుని బస్సెక్కి మా షాపుకొచ్చారు.

“నీ కంప్యూటరు సంగీతం వాయిస్తుందటగా. చెవులు పూర్తిగా పోయేలోపు ఒక్కసారి అన్నీ కలిపి వినాలనుంది తల్లీ” అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ సీడీ సంపాదించాను. శుభలేఖల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని ఎక్కించాను. ఆదివారాలు ఆయనా వచ్చి పక్కన కూర్చునేవారు. ఒక్క మాత్ర ఎక్కువైనా కంప్యూటరు ఒప్పుకునేది కాదు. “మా స్కూల్లో లెక్కల మాస్టారు అచ్చం ఇంతే” అని నవ్వేవారు. కానీ నేనొక స్వరం చెరిపితే తెర మీద ఆనవాలు మిగలకపోవడం ఆయనకి నచ్చలేదు. నోట్‌బుక్కులో అదే చోట మూడుసార్లు రబ్బరు పెట్టి కాయితం పల్చబడి ఉంది. “ఇక్కడ నేనెంత అవస్థ పడ్డానో దీనికెలా తెలుస్తుంది?” అనేవారు. నాకేమో పని తెమిలితే చాలు. బాగా పోట్లాడుకునేవాళ్ళం.

మొదటిసారి వినిపించిన రోజు నా పరువు పోయింది. గీతల కింద ఆయన అక్కడక్కడా స, గ, ని అని రాసుకున్నారు. సరళీస్వరాలు నేర్పిన చెయ్యి కదా, స్వరాలే అనుకుని అన్నిటినీ కింది స్థాయిలో మోగే చెల్లో వాద్యాలకి ఇచ్చేశాను. స్పీకరుకి చెవి ఆనించిన ఆయన ముఖం వాడిపోయింది.

“ఆ షడ్జమం ఎక్కణ్ణించొచ్చిందమ్మాయ్? మెత్తగా సాగాల్సిన చోటల్లా ఎవరో శ్రుతిపెట్టె పట్టుక్కూర్చున్నారు!”

“మీరు రాసిందేనండీ మాస్టారూ, స అని.”

“స అంటే సన్నగా! గ అంటే గట్టిగా, ని అంటే నిదానంగా. ఇటలీ మాటలు మనకెందుకులే అని అలా రాసుకున్నాను.”

కళ్ళద్దాలు తీసి, నీళ్ళొచ్చేలా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆయన చెవులకి మిగిలిన కాస్త గడువులో కొంత నేను పాడుచేశాను. అన్నీ వెతికి సరిచేసేసరికి మూడు నెలలు పట్టింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు. చలికాలం కనుక ఫ్యాను వెయ్యలేదు. స్పీకరు ఆయన కుడిచెవి దగ్గరికి జరిపాను. కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ మొదటి భాగం విన్నారు. “అన్నీ ఇస్త్రీ చేసినట్టున్నాయి గానీ, బాగుంది” అన్నారు. రెండో భాగానికి స్పీకరు వైపు ఇంకాస్త వంగారు. మూడో భాగం సగంలో కరెంటు పోయింది.

యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైంది, మార్చలేదు. తెర నల్లబడింది, స్పీకరు మూగబోయింది. మాస్టారూ అని పిలవబోయి ఆగాను. ఆయన వేలు ఆగలేదు. నోట్‌బుక్కు తెరిచి, ఆ వేలి తాళం వెంటే స్వరాల మీద చూపు నడిపాను. వయొలిన్ ఒక్కటే పైకి లేచే చోట ఆయన కనుబొమలు లేచాయి. నిదానించాల్సిన చోట వేలు నిదానించింది. ఆఖరి గీత దగ్గర ఆగింది.

కళ్ళు తెరిచి, తెరవైపు కాదు, నావైపు చూశారు.

“చివర్లో చూశావా, నీ కంప్యూటరు కూడా మనిషిలా వాయించింది!”

“అవునండీ మాస్టారూ” అన్నాను.

కరెంటు పోయిన సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పనందుకు ఇవాళ సంతోషిస్తున్నాను. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి బందరు బస్సెక్కించాను. బస్సు కదిలింది. కిటికీ ఊచ మీద ఆయన వేలు ఇంకా తాళం వేస్తోంది.