ముళ్ళాయన బండికి గాలెవరు తీశారు

కూతురు పైకొస్తుంటే ఓర్వలేక కన్నతండ్రే తెల్లారకుండా లేచి బండి నాలుగు చక్రాలకీ గాలి తీసేశాడని వీధిలో ఇప్పటికీ ఒక మాట ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర పుట్టిన ఆ మాట పాలబూతు దాకా నడిచి వెళ్ళి, అక్కడ రెక్కలు తెచ్చుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊళ్ళో నోళ్ళే మంచివైతే ఒక పెద్దమనిషి పరువు ఇంత చవగ్గా పోయేది కాదు.

గాలి తీసిన మాట నిజమే, తీసింది ఆయనే. ఎందుకు తీశాడన్న దగ్గరే వీధంతా పప్పులో కాలేసింది. కూతురు పేరు ఇప్పుడు కుదురుకుంది కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పమని ఆ పిల్లే అంటోంది కాబట్టి, చెప్పుకోవచ్చు.

ముళ్ళాయన అనగానే కొత్తవాళ్ళు ఆయన నాలుక సంగతి అనుకుంటారు. నాలుక అంత మెత్తనిదేం కాదు గానీ, ఆ పేరు తాళ్ళకి వేసే ముళ్ళ వల్ల వచ్చింది. వయసులో ఉండగా లారీల మీద సరుక్కి పట్టా కప్పి తాడు బిగించేవాడు. ఆయన వేసిన ముడి గాలివానకి ఊడేది కాదు, విప్పాలంటే మాత్రం ఒక్క లాగుకే వచ్చేసేది. కొన్నాళ్ళకి నాలుగు చక్రాలూ లాగే పాత జీపు బండి ఒకటి కొనుక్కున్నాడు. రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కణ్ణుంచే ఆయన పని మొదలయ్యేది. ఇసుక మేటలు, రాళ్ళ వాగులు, కొండ ఒంపులు చూడాలనుకునే వాళ్ళని తీసుకెళ్ళి, చూపించి, క్షేమంగా దింపేవాడు. తోడుగా బావమరిది వెళ్ళేవాడు. బావ బండి తోలితే బావమరిది ముందు నడిచి దారి చూపేవాడు. ఒకరు మాట్లాడరు, ఒకరు మాట్లాడ్డం ఆపరు. అందుకే పొత్తు కుదిరింది.

ఒక ప్రయాణంలో ఎక్కినవాళ్ళు చెప్పినదానికన్నా ఎక్కువ సామాను తెచ్చారు. లోపల చోటు లేక బండి నెత్తికెక్కించి కట్టారు. ముడులు గట్టివే, ఊడలేదు. కొండవాలులో అడ్డంగా వెళ్తున్నప్పుడు పైబరువు లాగి బండి నిదానంగా, నిద్రలో మనిషి పక్కకి తిరిగినట్టు ఒరిగింది. దిగువన నిలబడి చెయ్యూపుతున్న బావమరిది తప్పుకోలేకపోయాడు.

ఇంటికి వచ్చాక ముళ్ళాయన రంపం తీసుకుని బండి మీది సామాన్ల చట్రాన్ని కోసి పారేశాడు. ఆ తర్వాత దాని నెత్తిన పూచికపుల్ల కూడా పెట్టనివ్వలేదు. ఆయన భార్య పట్టాగుడ్డ కుట్టే మనిషి. తమ్ముడు పోయిన బండి అని ఆవిడ మళ్ళీ దాన్లో కాలు పెట్టలేదు. అయినా దానికి కావలసిన సంచులూ తొడుగులూ ఆవిడే కుట్టేది. ఇదేం లెక్క అని ఒకరిద్దరు అడక్కపోలేదు. "ఆయన తిరిగి రావాలిగా" అనేది, అంతే.

తర్వాత ఆయనకి కంటి నరం ఎండిపోవడం మొదలైంది. ముందున్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనపడదు. ఇక బండి తోలొద్దని డాక్టరు చెప్పేశాడు. బండి పాకలోకి వెళ్ళింది, ఆయన అరుగు మీదికి వచ్చాడు.

అప్పుడు అడిగింది కూతురు. చిన్నప్పుడు ఇంటినిండా ఎగిరి తిరిగేదని తండ్రి పిచ్చుక అని పిలిచేవాడు. బస్సుల డిపోలో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునే పిల్ల అయ్యాక కూడా ఆ పేరు పోలేదు.

"నాన్నా, బండి నేను తోల్తాను. నువ్వు తీసుకెళ్ళినట్టే నేనూ తీసుకెళ్తాను."

"చూద్దాం" అన్నాడాయన.

ఆ ఇంట్లో చూద్దాం అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. "చూపు పోతున్న మనిషి చూద్దాం అంటే, ఇంక చూసినట్టే" అంది తల్లి గుడ్డ మీంచి తల ఎత్తకుండా. ముగ్గురూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

చూద్దాం అన్నాడే గాని మర్నాటి నుంచే నేర్పడం మొదలుపెట్టాడు. ముందు బండిలో ఉన్నవన్నీ కిందికి దింపించాడు. పిచ్చుక అప్పటికే బండి నెత్తికి వరస దీపాలు, పక్కకి మెరిసే రేకులు కొనుక్కొచ్చింది.

"ఇవెందుకు?"

"అందరి బండ్లకీ ఉన్నాయి నాన్నా."

"అందరూ ఫొటో దిగడానికి వెళ్తారు. నువ్వు తిరిగి రావడానికి వెళ్ళాలి."

దీపాలు వెనక్కి వెళ్ళిపోయాయి. ఒక్కో వస్తువూ చేతికిచ్చి ఎక్కడ పెడతావని అడిగేవాడు. బరువైనదంతా కింద, రెండు ఇరుసుల మధ్య. నీళ్ళు ఒకే పెద్ద డబ్బాలో కాకుండా చిన్న చిన్న క్యాన్లలో, ఒకటి చిల్లుపడినా మిగతావి ఉంటాయి. డీజిలు క్యాను మనుషులతో పాటు లోపల పెట్టకూడదు, వెనక తలుపుకి బయట తగిలించాలి. పిచ్చుక ఒకసారి పారని అన్నిటికన్నా అడుగున పెట్టింది.

"బావుంది. బండి దిగబడితే ఈ పారని తవ్వి తియ్యడానికి ఇంకో పార కూడా పెట్టుకో" అన్నాడు.

మూటలన్నీ కట్టాక ఒక్కోదాన్నీ పట్టుకుని ఊపి చూసేవాడు. కదిలితే విప్పి మళ్ళీ కట్టమనేవాడు. "మెత్తటి దారిలో గ్లాసు గ్లాసే. గతుకుల్లో అదే తుపాకీగుండు" అనేవాడు. చిన్న ఊళ్ళో మెకానిక్కు కూడా విప్పగలిగిన బండే బండి అనీ, నువ్వు నడిచి దాటలేని నీళ్ళలో బండిని దించకనీ చెప్పేవాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది మాత్రం గాలి సంగతి.

"ఇసుకలో చక్రం పాదం పరవాలి. గాలి నిండుగా ఉంటే మడమల మీద నడిచినట్టు కూరుకుపోద్ది. ఇసుక రాగానే దిగి సగం గాలి తీసెయ్. మళ్ళీ తారురోడ్డు ఎక్కగానే దిగి, పంపు తగిలించి గాలి పట్టు. పట్టకుండా వచ్చావా, మెత్తటి టైరు తారు మీద నలిగి, వేడెక్కి, లోపల్లోపల చీలుద్ది. ఆ పూట ఏమీ కాదు. ఇంకో పూట, మనుషులు ఎక్కి ఉన్నప్పుడు పేలుద్ది."

"తీసేది ఎవరైనా తీస్తారు నాన్నా, పట్టేదే గొప్ప. అంతేగా" అనేది పిచ్చుక నవ్వుతూ.

ఇంత నేర్పినా తోలమని మాత్రం ఆయన నోటితో అనలేదు. ఇందుకోసం డిపోలో పెట్టిన సెలవు ముగిసే రోజు దగ్గరికొస్తోంది. ఈ లోపు బండి తన చేతికి రాకపోతే మళ్ళీ ఆ కిటికీ వెనకే కూర్చోవాలి, జన్మంతా ఇంకొకళ్ళ ప్రయాణానికి టిక్కెట్లు చింపాలి. పిచ్చుక గుండెలో రాయి అదే.

అప్పుడే వీధి చివరి లాడ్జిలో అక్కచెల్లెళ్ళిద్దరు దిగారు, ఇద్దరూ పదవీ విరమణ చేసిన నర్సులు. ఇసుక మేటల అవతల ఉన్న పక్షుల మడుగు చూడాలి, ఆడమనిషి తోలితేనే వస్తామన్నారు. పిచ్చుక ఒప్పేసుకుంది. తండ్రికి చెబితే "ఊఁ" అన్నాడు. ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా బండి తీసుకుని మొదటిసారి ఒంటరిగా ఇసుకలోకి వెళ్ళొచ్చింది. సందెవేళ ఇంటికి చేరి, ఎక్కడా దిగబడలేదని పూస గుచ్చినట్టు చెప్పింది. తల్లి వింది. తండ్రి విన్నాడో లేదో తెలియలేదు, పాక వైపే చెవి పెట్టి కూర్చున్నాడు.

మర్నాడు వెలుగు వస్తుండగా పాము బుస కొట్టినట్టు చప్పుడైతే పిచ్చుకకి మెలకువ వచ్చింది. బయటికి వచ్చి చూస్తే తండ్రి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గాలి తీస్తున్నాడు. మిగతా మూడూ అప్పటికే నేలకి కరుచుకుపోయి ఉన్నాయి. ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ ఆవిడ పెట్టెలో బొగ్గులు రాజేస్తూ కళ్ళప్పగించి చూస్తోంది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"గాలి తీస్తున్నా."

"రేపు బయల్దేరాలి."

"తెలుసు."

పిచ్చుకకి ఒళ్ళు మండిపోయింది. "వద్దంటే వద్దని మొహం మీద చెప్పొచ్చుగా. నలుగురి ముందూ నా గాలి తియ్యడం ఎందుకు?"

ఇస్త్రీ ఆవిడకి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కన్నకూతురి నోటి మాట. విసనకర్ర పక్కన పడేసి పక్కింటి తలుపు తట్టింది.

ముళ్ళాయన కోప్పడలేదు. "ఇలా కూర్చో. చెయ్యి ఇటివ్వు" అన్నాడు. కూతురి చేతివేళ్ళు పట్టుకుని టైరు పక్కన పడ్డ మడత మీద మెల్లగా నడిపించాడు. రబ్బరు అక్కడ గరగరలాడుతోంది. నల్లటి పొడి వేలికి అంటింది. కింద సన్నటి చీలిక.

"నాకు కంటికి కనపడదు. చేతికి తగలాలంటే గాలంతా పోవాలి" అన్నాడు గొంతు తగ్గించి. "మూడు బాగానే ఉన్నాయి, ఇదొక్కటే పోయింది. నిన్న బండి సందులోకి తిరిగినప్పుడే చప్పుడు మెత్తగా వినపడింది. నీకే గుర్తొస్తుందేమోనని పొద్దుపోయేదాకా చూశాను."

అప్పుడు గుర్తొచ్చింది పిచ్చుకకి. ఇసుక దాటి తారెక్కగానే ఫోను మోగింది. అక్కచెల్లెళ్ళలో చిన్నావిడ, ఎల్లుండి ఖాయమే కదా అని. ఖాయమండీ అని చెప్పి, ఆ సంతోషంలో దిగకుండానే బండి ముందుకి పోనిచ్చింది. దారి పొడుగునా సగం గాలితో వచ్చింది. రేపు ఆ ఇద్దరు పెద్దవాళ్ళని ఎక్కించుకుని ఈ టైరు మీదే వెళ్ళేది.

తండ్రి కాలి పంపు తెచ్చి ముందు పెట్టాడు. "బ్యాటరీ పంపు మొరాయిస్తే ఇదే దిక్కు. తొక్కు."

రెండో చక్రానికి గాలి పడుతుండగా అక్కచెల్లెళ్ళు ఇస్త్రీకి బట్టలు తెచ్చారు. బట్టలిచ్చి మాట పుచ్చుకున్నారు. రోడ్డు దాటి నేరుగా పాక దగ్గరికి వచ్చారు.

"ఏమండీ పెద్దాయనా, గాలి మీరే తీశారట?" అంది పెద్దావిడ.

"తీశానండీ."

"కన్నకూతురి బండికి?"

ఆయన వంగి పంపు గొట్టం సరిచేశాడు. పిచ్చుక పంపు మీంచి కాలు తీసింది. "నాన్నది కాదండీ తప్పు, అసలు నిన్న..."

"పిచ్చుకా, పంపు ఆపకు" అన్నాడు తండ్రి.

"చూశావా, నోరు కూడా విప్పనివ్వడు" అంది పెద్దావిడ చెల్లెలితో. చెల్లెలు పిచ్చుక భుజం తట్టింది. "నువ్వు భయపడకమ్మా. ఈయన బండి ఇవ్వకపోతే ఇంకో బండి మాట్లాడుకుందాం, నువ్వే తోలుదువుగాని. మాకు నీ మీద నమ్మకం ఉంది." ఆ నమ్మకం అన్న మాట దగ్గర పిచ్చుక తల దించుకుంది. దాన్ని వాళ్ళు తండ్రి మీది భయం కింద జమకట్టుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక ముళ్ళాయన ఇంకో టైరు సంపాదించడానికి పాత స్నేహితుడి కొట్టుకి నడిచి వెళ్ళాడు. పాలబూతు దగ్గర రోజూ పలకరించేవాళ్ళు పేపర్లో మొహం పెట్టుకున్నారు. ఒకడైతే వినపడేలాగే అన్నాడు, "కంటి చూపు పోతే పోయింది, కడుపులో ప్రేమ కూడా పోయిందా" అని. ఆయన గోడ తడుముకుంటూ దాటి వెళ్ళాడు. టైరు దొర్లించుకుంటూ మళ్ళీ అదే దారిన వచ్చాడు.

మధ్యాహ్నం తల్లి కొత్తగా కుట్టిన పట్టా సంచీ తెచ్చి పాక గుమ్మంలో నిలబడింది. వీధి మాట ఆవిడ చెవినా పడింది.

"మీరు నిజంగా ఆపి ఉంటే నాకు సంతోషమే" అంది భర్తతో. "ఆపలేదని తెలుసు. చుట్టుపక్కలంతా తిట్టే పని మీరు చేశారంటే, అది పిల్ల కోసమే అయ్యుంటుంది."

సంచీ కూతురి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మాత్రం బండి తలుపు మీద ఒక్కసారి చెయ్యి వేసింది.

తండ్రీ కూతుళ్ళు చీలిన టైరు విప్పి, బండి వెనకున్న స్టెప్నీ ఎక్కించారు. ఆయన తెచ్చినది దాని చోట తగిలించారు. నీళ్ళు, తాడు, పంపు, మందుల పెట్టె, ఒక్కోటీ పిచ్చుకే సర్దింది, పిచ్చుకే కట్టింది. తండ్రి ఒక్కోదాన్నీ ఊపి చూశాడు. ఏదీ విప్పమనలేదు.

పార తగిలించి తాడు బిగిస్తూ అడిగేసింది పిచ్చుక. మనసులో దాచుకునే రకం కాదు కదా.

"పొద్దుట్నుంచీ వీధి వీధంతా నిన్నే అంటోంది నాన్నా. నీ మీద నింద వేసిందీ నేనే, మరిచిపోయిందీ నేనే. కూతురు గాలి పట్టుకోవడం మరిచిపోయిందని ఒక్క మాట అంటే పోయేది. ఎందుకు ఊరుకున్నావు?"

ముళ్ళాయన ఆ ముడి మీద వేలు పెట్టి చూసి, చెయ్యి తీశాడు.

"నన్నేమన్నా ఏం పోయిందే, నేనింక తోలేవాణ్ణి కాదుగా. టైర్లు చూసుకోదన్న పేరు నీకొచ్చిందంటే, రేపు నీ బండి ఎవరెక్కుతారు?"