అడవి దారులు తెలిసిన డ్రైవరు

మా ఇంట్లో అందరిదీ నేత పని. మగ్గం ముందు కూర్చున్నవాడికి గుడ్డ అందం తర్వాత, తెగిన పోగు ముందు కనపడుతుంది. నేను మగ్గం వదిలి జీపు పట్టి పదేళ్లు దాటినా ఆ చూపు పోలేదు. మనుషుల్లో కూడా తెగిన పోగే వెతుకుతాను. నా భార్య దీన్ని రోగం అంటుంది. నేను జాగ్రత్త అంటాను.

ఆ శిక్షణకు కూడా అనుమానంతోనే పోయాను. అహోబిలం అవతలి అడవిలో మూడు రోజులు. భోజనం వాళ్లదే, డీజిలూ వాళ్లదే. అంబులెన్సు తారురోడ్డు దాటి రాలేని పల్లెలకు ఆపదలో పోయే డ్రైవర్లను తయారుచేస్తామని ఒక స్వచ్ఛంద సంస్థ పిలిచింది. ఊరికే ఎవరు నేర్పుతారు? ఆధార్ కాపీ అడిగితే దాని మీద అడ్డంగా గీత గీసి, ‘శిక్షణ కోసం మాత్రమే’ అని రాసి మరీ ఇచ్చాను.

నేర్పే సారు పటాలంలో పెద్ద బండ్లు నడిపి రిటైరైన మనిషి. మొదటిరోజే మా టైర్లలో గాలి సగం తీయించాడు. వంక ఇసుకలో, అంటే వాగు ఇసుకలో, బండి కూరుకుపోకుండా ఉంటుందట. టైర్లు పాడుచేసి, తర్వాత కొత్తవి అంటగడతాడేమోనని రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నాను. అంటగట్టలేదు. అయినా నా అనుమానం ఖాళీగా కూర్చోలేదు, ఇంకొకడి మీదికి మళ్లింది.

అతను వంక అవతల, అడవి లోపలి పల్లెవాడు. నలభై ఏళ్లుంటాయి, బక్కమనిషి. శిక్షణ అయ్యాక ఆ పల్లెలో ఒక జీపు ఉంచుతారని, దాన్ని నడిపేవాడి పేరు సంస్థ డ్రైవర్ల లిస్టులో వేస్తారని తెలిసి వచ్చాడు. దాచుకోకుండా మొదటిరోజే అందరి ముందూ చెప్పాడు: “మా ఊర్లో ఎవురికన్నా బాగలేకపోతే మంచానికి కట్టి మోసుకొస్తామప్పా. వంక దాటేలోపల శానామంది పోయినారు. ఆ జీపు మాకు కావల్ల.”

రెండోరోజు పరీక్ష. ఒకరు రోగిలాగా స్ట్రెచర్ మీద పడుకోవాలి, పొట్ట మీద నీళ్లచెంబు పెడతారు, ఇంకొకరు గుండ్రాళ్ల దారిలో బండి నడపాలి. చెంబులో ఎన్ని నీళ్లు మిగిలితే అంత మంచి డ్రైవరు. నేను నడిపినప్పుడు రోగి తడిసి ముద్దయి లేచి నన్ను తిట్టాడు. ఆ పల్లెవాడు నడిపినప్పుడు రోగిని నేనే. ఆకాశం చూస్తూ పడుకున్నాను. కింద రాళ్లు టైర్లకు తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది, పొట్ట మీద చెంబు మాత్రం కదలడం లేదు. మెచ్చుకోవాల్సింది పోయి నాకు అనుమానం పుట్టింది. ఇంత మెత్తగా నడపడం ఎక్కడ నేర్చుకున్నాడు? మలుపు రాగానే ఇంజను తగ్గించి చెవి పెట్టి వింటాడు. ఇసుక దాటాక దిగి తన టైర్ల జాడ చూసుకుంటాడు. దొంగ తప్ప తన జాడ తాను చూసుకునేవాడు ఎవడు?

“యాడ నేర్చుకున్యావప్పా?” అని అడిగాను.

“ఈడనే,” అని చేత్తో అడవి చూపించాడు.

ఎర్రచందనం దుంగలు దాటించిన డ్రైవరే అని నాకు ఖాయమైపోయింది. మూడోరోజు, అడవిలో తిరిగే బండ్లకు అనుమతి ఇచ్చే అటవీశాఖ అధికారి వచ్చినప్పుడు పక్కకు తీసుకుపోయి చెవిన వేశాను. సాయంత్రానికి లిస్టులో అతని పేరు లేదు. ఇస్తామన్న జీపు సంస్థ షెడ్డులోనే ఉండిపోయింది. ఆ పల్లెను నా బాధ్యత కింద రాశారు.

సారు నన్ను పిలిచాడు. “అతను మొదటిరోజే నాతో చెప్పుకున్నాడయ్యా. రెండేళ్లు దుంగల బండి నడిపి, మానేసి చాలాకాలమైంది. ఆ దారులు తెలిసినవాడు కావాలనే తీసుకున్నాను. ఇప్పుడు ఫిర్యాదు ఆఫీసుదాకా పోయింది, నా చేతిలో లేదు.”

నాకు సిగ్గు కలగలేదు. నా చూపు తప్పలేదని గర్వం కలిగింది. ఇంటికొచ్చి నా భార్యకు కూడా గొప్పగా చెప్పాను.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున ఆ పల్లె నుంచి ఫోను. కట్టెలకు పోయిన ఒకామెను రక్తపింజర కరిచిందట. మా ఊరి నుంచి వంకదాకా పోవడానికే గంట పట్టింది. ఖాళీ బండిని ఎగరేసుకుంటూ ఎలాగో దాటితే, అవతలి గట్టున అతను నిలబడి ఉన్నాడు. కరిచింది వాళ్ల అక్కను, మంచానికి కట్టి గట్టుదాకా మోసుకొచ్చారు. కాలు అప్పటికే మోకాలిదాకా వాచి నల్లబడింది.

వానకు వంక దారి కోసుకుపోయి ఉంది. ఆమెను ఎక్కించుకుని తిరిగి వంకలో గుండ్రాళ్ల ముందు ఆగాను. బండి దిగి తాళం అతని ముందు పెట్టాను. “నువ్వు తోలప్పా, నాతో కాదు.”

అతను తాళం ముట్టలేదు. “నా పేరు లిస్టులో ల్యాదు గదప్పా. నేను తోలి ఈమెకేమన్నా అయితే దొంగోడు సంపినాడంటారు. నువ్వే తోలు, నేను దావ చెప్తా.” అని పంచె ఎగ్గట్టాడు. “నువ్వే గదా చెప్పింది. నీ తప్పేం లేదులే, ఉండేదే చెప్పినావు.”

తిట్టి ఉంటే బాగుండేది. అతను బండి ముందు నడుస్తూ ఎడమ, కుడి అని చెయ్యి చూపించాడు. నేను నడిపాను. అతను పది నిమిషాల్లో దాటించే వంకను నేను నలభై నిమిషాల్లో దాటాను.

ఆమె బతికింది. కాలు మాత్రం మోకాలి కిందనుంచి తీసేశారు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే మిగిలేదని డాక్టరు అతనితో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. అతను నావైపు తిరిగి చూడలేదు.

మరునాడు అదే అధికారి దగ్గరికి పోయాను. ఆ మనిషి పేరు లిస్టులో పెట్టండి, జీపు ఆ పల్లెకు పంపండి అని అడిగాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. “అప్పుడు వద్దన్నదీ నువ్వే, ఇప్పుడు కావాలంటున్నదీ నువ్వే. మీ ఇద్దరి మధ్యా ఏం నడుస్తోంది?” ఆ చూపు నాకు కొత్తది కాదు. నా ముఖం మీద పడటమే కొత్త.

జరిగింది చెప్పాను. నమ్మినట్టు లేదు. చివరికి ఒక పూచీకత్తు కాగితం ముందుకు తోశాడు. “రేపు ఆ జీపులో దుంగ దొరికితే ముందు నిన్నే పట్టుకుంటాం. ఇష్టమైతే సంతకం పెట్టు.”

పెన్ను తీసుకున్నాను. మంచివాడైపోయానని చెప్పుకోను. మళ్లీ పాతపనికి పోతాడేమో, నన్ను ముంచుతాడేమో అనే పురుగు అప్పుడూ నా లోపల తిరుగుతూనే ఉంది. ఆ అనుమానంతోనే సంతకం పెట్టాను.