నందకిషోర్ సేఠ్ చెవుడు

నాందేడ్‌లో కంబళ్ల మిల్లు నడిపే నందకిషోర్ సేఠ్‌కి చెవుడు. అలాంటి ఇలాంటి చెవుడు కాదు, చదువుకున్న చెవుడు. ఏ మాట వినకూడదో దానికి బాగా తెలుసు. మూడు తరాల మగ్గాల మోత ఆయన చెవుల్ని తినేసిందని ఊరంతా జాలిపడింది. పక్క షెడ్డులో పోగు తెగితే మాత్రం అన్నం ముందు నుంచి లేచి, "నాలుగో మగ్గం ఆపుండ్రి" అనేవాడు. అదెలా వినబడిందని అడిగిన మేధావి ఒక్కడూ లేడు.

పుణేలో మేనేజ్‌మెంటు చదివొచ్చిన కొడుకు మయూర్‌కి ఈ చెవుడే అడ్డమైంది. మిల్లు బాగుపడాలంటే ముందు మనుషుల్ని తగ్గించాలని ఆ చదువు చెప్పింది మరి.

"బాపూ, కాశీబాయికి కండ్లు కనవడ్తలేవు. ఊకె పోగు తెంపుతుంది. పంపిద్దాం."

"కాశికా? ఈ ఎండలల్ల వద్దు బిడ్డా. చలికాలం పోదాం."

"పోనీ కైలాస్‌నన్న పంపుదాం. పనికంటె దగ్గుడే ఎక్కువ."

"కైలాసానికా?" సేఠ్ చిన్నబుచ్చుకున్నాడు. "నాకు అప్పుడే ఏమైంది రా? షుగర్ గూడ లేదు."

కాగితం మీద రాసిస్తే, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానన్నాడు. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

చివరికి మయూర్ ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. సేఠ్ అబద్ధమాడాడు గానీ యంత్రం ఆడలేదు. "మీ నాన్నగారి చెవులు నావాటికన్నా బాగున్నాయి" అన్నాడు డాక్టరు.

తిరుగుదారిలో కారు నడుపుతూ మయూర్ అడిగాడు.

"ఎందుకు బాపూ ఈ నాటకం?"

ఈసారి సేఠ్ కాశీకి పోలేదు. "మీ తాత చెవులు మస్తు చురుకు. ఎవడు ఎవని మీద చాడీ చెప్పినా వినేటోడు. విన్నంక ఊకుంటే సేఠ్ ఎట్లయితడు? పొద్దుగూకేసరికి ఒకని పని పోయేది. కాశీబాయి పెనిమిటిని గట్లనే తీసేసిండు. తప్పు వేరేటోనిది. మన ఇంట్ల ఒక్కడన్న చెవిటోడుండాలె అనుకున్న."

మయూర్ రెండు సిగ్నళ్లు దాటేదాకా ఆలోచించాడు. "అయితే కాశీబాయిని మగ్గం కాడికెల్లి తీసి, కంబళ్లు మడతపెట్టే కాడ కూసోవెడుదాం. దానికి కండ్లతోని ఏం పని?"

"గిది వినవడ్డది" అన్నాడు సేఠ్.

అప్పుడు తట్టింది మయూర్‌కి అసలు సంగతి. వినబడదన్న ధైర్యంతో నాలుగేళ్లుగా ఆయన ఎదురుగానే పళ్లు కొరుకుతూ తానన్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిలో 'ముసలి మొండి' అన్నదే కాస్త మర్యాదైన మాట.

కారు పక్కకి తీసి ఆపాడు. "బాపూ, మరి నేనన్న మాటలన్నీ..."

"ఎప్పుడన్నవ్ రా?" సేఠ్ ఆశ్చర్యపోయాడు. "నాకు ఒక్కటి గూడ వినవడలే."