పొడి అక్క

మూలికల ఫ్యాక్టరీలో ఆకురసాన్ని వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి పొడి చేసే పెద్ద యంత్రం ఆమె చేతిలో ఉంటుంది. అందుకే అందరికీ ఆమె పొడి అక్క. కనుబొమల మీద ఎప్పుడూ పచ్చని నూగు ఉంటుంది. పొడి రాలడం మొదలవగానే చిటికెడు తీసి వేళ్ల మధ్య నలుపుతుంది, వాసన చూస్తుంది, నాలుక చివర వేసుకుని కళ్లు మూసుకుంటుంది. "వేడి చాలకపోతే బంకలా పట్టేస్తుంది. ఎక్కువైతే రంగూ వాసనా గాలికి పోతాయి. పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలమ్మా" అంటుంది కొత్తగా చేరినవాళ్లతో. తల్లి పోయాక పొత్తిళ్లలోని తమ్ముణ్ణి అలాగే చూసుకుని పెంచింది. చెట్టంత ఎదిగిన ఆ తమ్ముడు మొన్న జ్వరంతో పోయాడు.

ఖాళీ ఇంట్లో ఉండలేక ఆమె తొందరగానే పనిలోకి వచ్చేసింది. ఎవరు పలకరించినా తలూపింది. యంత్రం నడిపిస్తూనే ఎటో చూస్తూ ఉండిపోయింది. పచ్చగా రావలసిన పొడి గోధుమరంగులో, మాడు వాసనతో రాలింది. సూపర్‌వైజరు పరుగున వచ్చి యంత్రం ఆపాడు. కోప్పడలేదు. "పోనీలే అక్కా, వేడి కాస్త ఎక్కువైంది, అంతే. తగ్గిస్తే సరిపోతుంది" అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. "తగ్గలేదు సార్" అంది. "తడిగుడ్డ మారుస్తూనే ఉన్నాను. ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా మారుస్తూనే ఉన్నాను. తగ్గనే లేదు."

అప్పటిదాకా కంటతడి పెట్టని మనిషి ఆ మాడిన పొడి పక్కనే కూలబడి గొల్లుమంది. సూపర్‌వైజరు కూడా నేలమీద కూర్చుండిపోయాడు.